పరుపుల బండి రేడియో

దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినవాళ్ళ కథలు చాలా విన్నాను. తాళంచెవి ఇవ్వడమే కాక, తాళం ఎలా తీయాలో దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెప్పి, ఆపైన దొంగ ఎవరా అని నెలల తరబడి ఊరంతా వెతికిన బుద్ధిమంతుణ్ణి మాత్రం ఒక్కణ్ణే ఎరుగుదును. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనపడుతుంటాడు. గడ్డం తెల్లబడింది గానీ ముఖంలో ఆ వెర్రితనం చెక్కుచెదరలేదు. మా నాయన పరుపుల బండిలో మూగబోయిన రేడియోను మార్చే పని, ఎవరూ అడక్కుండానే, నెత్తిన వేసుకున్నప్పటి సంగతి ఇది. అప్పుడు నేను బి.ఎస్సీ ఫిజిక్సులో ఒకసారి తప్పి రెండోసారికి చదువుతున్నాను. విద్యుత్తు గురించి నాకెంత తెలుసో నా పేపరు దిద్దిన పుణ్యాత్ముడికి తెలుసు. మా ఇంట్లోవాళ్ళకు తెలియదు. ఆ ఒక్క ధైర్యంతోనే దిగాను.

ఇదంతా మళ్ళీ గుర్తుకు తెచ్చింది ఒక గిన్నె మూత. మొన్న ధర్మవరంలో మా చిన్నమ్మ హుసేనమ్మను చూసి రావడానికి పోయాను. మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. చూపు బాగా తగ్గింది, చెవులు మాత్రం పాము చెవులే. హిందూపురం నుంచి మా తమ్ముడి కొడుకు తన కారులో తీసుకుపోయాడు. దారి పొడుగునా ఎవరో ఆడమనిషి కారులోంచి 'ఎడమకు తిరగండి, నేరుగా వెళ్ళండి' అని చెబుతూనే ఉంది. పుట్టినప్పటి నుంచి తిరిగిన దారిని ముఖం తెలియని మనిషి చూపిస్తుంటే తల ఊపుకుంటూ కూర్చున్నాను. చిన్నమ్మ ఇంట్లో సంగటి, పప్పు, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుమిండి. వడ్డించుకుందామని పప్పుగిన్నె మూత ఎత్తాను. చేతికి తగిలిన బుడిపె మూతలకు ఉండే బుడిపె కాదు. మీగడ రంగు, అంచున సన్నటి గీతలు, నడినెత్తిన ఒక తెల్లటి చార. ఒకప్పుడు ఆ చార ఏ స్టేషను వస్తోందో చూపించేది.

"ఏమబ్బా, మూత పట్టుకోని అట్లే కూకుండావు? సంగటి సల్లారిపోతాండాది," అంది చిన్నమ్మ. చూపు లేదంటారు గానీ అన్నీ చూస్తుంది.

"చిన్నమ్మా, ఈ బుడిపె..."

"మీ యమ్మ ఇచ్చింది గదప్పా. మీ బండి రేడియోది. తిప్పి సూడు, పాడ్తాదేమో!"

ఆమె బోసినోటితో నవ్వుతూనే ఉంది. నేను నిజంగానే తిప్పాను. స్టేషన్లు ఏవీ పలకలేదు. వెల్లుల్లి తిరగమోత వాసన మాత్రం ముఖానికి కొట్టింది, ఆ వెనకే మా వసారా, మా అవ్వ, దూది, పెట్రోలు.

మాది దూదేకుల ఇల్లు. మసీదులో వరసగా నిలబడేవాళ్ళం, ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడుకునేవాళ్ళం. హిందూపురంలో బజారు వెనక సందులో పొడుగాటి వసారా, దాని దూలానికి వేలాడే దూదేకే విల్లు. నాయన కొయ్యగుండుతో ఆ విల్లు తాడును కొడుతుంటే టంగ్ టంగ్‌మని మోగేది, పత్తి విచ్చుకుని పైకి లేచేది. మా సందులో కోడి కూయకపోయినా తెల్లవారేది గానీ, ఆ విల్లు మోగకపోతే తెల్లవారినట్టు ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. ఇంట్లో దూది లేని చోటు లేదు. మా కనుబొమల్లో దూది, చారులో దూది, నా పుస్తకాల్లో దూది. తలలో కూడా అదే ఉందని మా అవ్వ అనుమానం. కొత్త దూదికి ఒక వాసన ఉంటుంది, ఎండలో ఆరేసిన గోనెసంచికీ పసిపిల్లల మాడుకూ మధ్య వాసన. ఇప్పటి పరుపులకు అది లేదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, వాకిట్లో పీట మీద కూర్చుని పత్తిలోని పుల్లలు ఏరుతూ ఇంటిని ఏలేది. ఏ తగువు వచ్చినా ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకునేది. అది కరిగేలోపల తీర్పు వచ్చేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

నాయన కుట్టిన పరుపుల్లో సగం హిందూపురంలోనే పోయేవి. మిగతా సగం వారానికోసారి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయేవి. పట్టుచీర కొనను వచ్చిన పెళ్ళివాళ్ళు పరుపు కూడా అక్కడే కొనుక్కుని పోయేవాళ్ళు. ఆ మోతకు ఒక పాత పికప్పు ఉండేది. ఎక్కడో ఆనకట్ట కట్టించిన దొరలు పనైపోయి పోతూ పోతూ వేలం వేసిన బండి. మా చేతికి వచ్చేసరికి దానికి ఒక తలుపుకు తాడు, ఒక లైటుకు చీకటి మిగిలాయి. కానీ డ్యాష్‌బోర్డు నడిమధ్యన, ఫ్యాక్టరీలోనే బిగించి పంపిన రేడియో ఒకటి ఉండేది. రెండు మీగడ రంగు బుడిపెలు, మధ్యలో గాజు వెనక నారింజరంగు వెలుగు. ఇంటి దగ్గర పెడితే బజారు దాటాక పలికేది. ముందు గురక, ఆపైన దగ్గు, ఆపైన మాట. అచ్చం మా అవ్వ నిద్ర లేచినట్టే లేచేది. నాయన రోజూ పొద్దున్నే పిడికెడు కొత్త దూదితో దాని ముఖం తుడిచి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో "కంపెనీ ఫిట్టింగబ్బా. కంపెనీది కంపెనీదే," అనేవాడు. ఎదురుగా ఎక్కువగా నేనే ఉండేవాణ్ణి.

హిందూపురం వదిలేటప్పుడు అది బెంగుళూరు కన్నడం మాట్లాడేది. సోమందేపల్లి దాటాక కన్నడం, తెలుగు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునేవి. పెనుకొండ కొండ మలుపు తిరగ్గానే కడప స్టేషను తెలుగు తేటగా వచ్చేది. నాయనకు ఏ భాషైనా ఒకటే. ఆయనకు కావలసింది మాట కాదు, మెలకువ. పరుపులు కుట్టేటప్పుడు నిద్రకు కరువు, పరుపులు మోసేటప్పుడు నిద్రకు కరువు లేదు. కోడి కంటే ముందు లేచిన మనిషి. ముందు ఎండలో సాగిపోయే రోడ్డు, వెనక మెత్తటి బరువు. చెవి దగ్గర ఎవరో ఒకరు మాట్లాడకపోతే తల స్టీరింగు మీదికి వాలిపోయేది. ఎరువులు ఎప్పుడు చల్లాలో రేడియో చెబుతుంటే, సెంటు భూమి లేని మా నాయన అందుకే అంత శ్రద్ధగా వినేవాడు.

అలాంటి రేడియో చెడడం మొదలైంది. ముందు వెలుగు మసకబారింది, తర్వాత గొంతు. గుంతలో బండి పడితే పలికేది, మంచి రోడ్డు వస్తే ఆగిపోయేది. ఎవరి చరుపు వాళ్ళది. నాయన కుడివైపు చరిచేవాడు, మూటలెత్తే వాళ్ళు నెత్తిన మొట్టేవాళ్ళు, నేను సైన్సు చదివినవాణ్ణి కనక వెనక నుంచి గిల్లేవాణ్ణి. అవ్వ పెనుకొండ దర్గా నుంచి ఊదు తెప్పించి పొగ వేయించింది. చివరికి దానిలో గురక ఒకటే మిగిలింది. నిద్ర ఆపవలసింది తానే గురక పెడితే ఇంక నాయన ఏం చేస్తాడు? ఒకరోజు పెనుకొండ దాటాక బండి రోడ్డు దిగి, ఒక చేనులోకి నెమ్మదిగా పోయి, చెనిక్కాయ కట్టె వామిలో తల దూర్చి నిలబడింది. చేనాయన వచ్చి భుజం తట్టేదాకా నాయనకు మెలకువ లేదు.

"ఏమప్పా, పరుపులు నీవే గానీ వామి మాది. ఈడనే పండుకుంటావా? అట్ల పోయింటే బావి ఉండాది, సూసినావా?"

వామికి అవతల, గట్టు లేని దిగుడుబావి. ఇంటికొచ్చి నాయన ఈ ముక్క చెప్పి తనే పడీ పడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అవ్వ లవంగం బుగ్గన పెట్టుకుంది.

"రేడియో పలకకుంటే మనిషి పలకల్ల. ఎవురో ఒకరు పక్కన కూకోని మాట్లాడతా పోవల్ల," అంది. నావైపు చూసి, పనికిరాదని తేల్చుకుని, అమ్మవైపు తిరిగింది. "మాబూ, నువ్వు పో. నీ నోటికి ఇంట్లో పనేముండాది? ఆడన్నా పనికొస్తాది."

మా అమ్మ పేరు మాబమ్మ. ఆ తీర్పు ఆమెకు ఏమిచ్చిందో చెప్పాలంటే మావైపు కట్టుబాటు ఒకటి చెప్పాలి. పెళ్ళయిన ఆడమనిషి పుట్టింటివైపు పోవాలంటే అటునుంచి ఎవరైనా పిలుచుకుపోను రావాలి. లేదా మొగుడే తనంతట తాను పోదాం పద అనాలి. ఎవరూ పిలవకుండా పోతే దాన్ని పోవడం అనరు, వెళ్ళిపోవడం అంటారు. ఆమె అమ్మానాయనలు పోయారు, అన్నదమ్ములు లేరు. ఇక మా అమ్మను పిలిచేదెవరు? చిన్నమ్మ మొగుడు మగ్గం గుంతలోంచి లేస్తే ఆ పూట గడవదు. మా నాయన చెడ్డవాడు కాదు, ఆయనకు తట్టలేదు, అంతే. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య పట్టుమని ఒక పూట దారి కూడా లేదు. అక్కచెల్లెళ్ళు మాత్రం ఎవరో చచ్చిపోయినప్పుడు, ఏడుపుల మధ్య ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఇప్పుడు రేడియో బదులు బండిలో కూర్చోవడం పుట్టింటికి పోవడం కిందికి రాదు గదా. అది డ్యూటీ. అమ్మ వక్కాకు సంచి నడుముకు దోపుకుని డ్యూటీ ఎక్కింది.

సెలవు రోజొకటి నేనూ పరుపుల మీద ఎక్కి పోయాను. క్యాబిన్ వెనక కిటికీకి అద్దం లేదు కనక ప్రసారమంతా వినపడింది. ముందు వీధి వార్తలు. తర్వాత సంతలో దేని ధర పెరిగిందో, ఎవరి గొర్రె ఈనిందో. తర్వాత పీర్ల పండగ పాట ఒకటి. తర్వాత నాటకం: అవ్వ గొంతుతో ఒకసారి, తన గొంతుతో ఒకసారి, పొద్దున పాలు పొంగిపోయిన తగువంతా ఆడి చూపించింది. నాయన నవ్వాపుకుంటూ, "దీన్ని ఆపే బటను యాడుండాదో కంపెనీవాడు సెప్పనేలేదే," అన్నాడు.

"నువ్వు నిద్రపో, అదే ఆగిపోతాది. బండి గూడా ఆగిపోతాది, బావిలో."

పెనుకొండలో దర్గా దారి దగ్గర మాత్రం నెత్తిన కొంగు కప్పుకుని, గుండెకు చెయ్యి ఆనించి కాసేపు ఊరుకుంది. మలుపు తిరగ్గానే తెగిన మాట తెగిన చోటు నుంచే అందుకుంది. ధర్మవరంలో చిన్నమ్మ సందు మొగదాల్లో నిలబడి ఉంది. నాయన పరుపులు దించి వచ్చేదాకా అక్కచెల్లెళ్ళిద్దరూ ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నారు. చెయ్యిలో చెయ్యి, మధ్యలో ఒక గిన్నెలో బొరుగులు. దారంతా నోరు మూయని మా అమ్మ అక్కడ ఒక్క మాటా మాట్లాడలేదు. చిన్నమ్మా మాట్లాడలేదు. ఎండ అరుగు దిగిపోయేదాకా అట్లాగే కూర్చున్నారు. నేను అది కళ్ళారా చూశాను. చూసి ఏమనుకున్నాను? పాపం, అమ్మ మాట్లాడి మాట్లాడి అలిసిపోయింది, ఈ తిప్పలు తప్పించాలి అనుకున్నాను.

మర్నాడే డ్యాష్‌బోర్డు కింద దూరాను. తల క్లచ్చి కింద, కాళ్ళు వీధిలో. దారిన పోయేవాళ్ళు నా కాళ్ళతో మాట్లాడి పోయేవాళ్ళు. కంపెనీ ఫిట్టింగు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది: ఊడదీయడానికి ఎవడూ పుట్టకూడదని బిగించిన ఫిట్టింగు. ఎట్లాగో ఊడింది. మూత తీశాను, లోపల చూశాను, మళ్ళీ మూత పెట్టాను. పరీక్షలో ప్రశ్నపత్రం చూసి కూడా ఇదే చేశాను. బజార్లో రేడియోలు బాగుచేసే రంగన్న దగ్గరికి మోసుకుపోయాను. గోడంతా మార్చురీ అరల్లో శవాల్లాగా రేడియోలు. ఆయన దీన్ని చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయను ఊపినట్టు ఊపి, "దీని వాల్వులు ఈ దేశంలో ల్యావప్పా. పుట్టిన దేశంలో గూడా ల్యావేమో. కొత్తది పెట్టుకో, నేనే తెప్పించి ఇస్తా," అన్నాడు. అలా బెంగుళూరు నుంచి ఒక చిన్న కొత్త రేడియో దిగింది. పాతది పీకిన కన్నంలో అది తాత చొక్కా తొడుక్కున్న మనవడిలా ఉంది. చుట్టూ చెక్కముక్కలు పెట్టి, సందుల్లో మా ఇంటి సరుకే, దూది, కూరాను. నాయన చూసి, "పాడితే పాడిందిలే గానీ, కంపెనీది కంపెనీదే," అన్నాడు.

పాత రేడియో అటకెక్కేలోపల అమ్మ వచ్చి దాని రెండు బుడిపెలూ ఊడబీక్కుంది. "ఇంగ ఇవి నీకెందుకు నాయనా? మూతలకు పిడి ల్యాక సేతులు కాల్తాండాయి." ఒకటి మా పప్పుగిన్నె మూతకు బిగించింది. రెండోది కొంగున ముడేసుకుంది, చెల్లెలి మూత కోసం. పాత రేడియో ఇంక బాగుపడి తిరిగి రాకూడదని ఆమె అప్పుడే తీర్మానించుకుందని నాకు తట్టలేదు. పైగా పిలిచి పాఠం చెప్పాను. సీటు పక్కన, డ్యాష్‌బోర్డు కింద వైరులో చిన్న గొట్టం, దానిలో గాజుపుల్లలాంటి ఫ్యూజు.

"ఇంత రేడియోకు ఇంత పుల్లనా?" అంది అమ్మ.

"అంతే. ప్రాణమంతా దీంట్లోనే ఉండాది."

"తీస్తే?"

"శవం."

"మల్ల పెడితే?"

"లేసి కూకుంటాది."

"తీసేటప్పుడు షాకు కొట్టదూ?"

"పసిపిల్లోడు గూడా తీయొచ్చు మా. ఇట్ల తిప్పితే వస్తాది, సూడు."

అమ్మ నాచేత రెండోసారి తీయించి చూసింది. ఆ తర్వాత బతుకంతా పాఠాలు చెప్పుకునే ఉద్యోగమే చేశాను గానీ, అంత శ్రద్ధగా విన్న విద్యార్థి మళ్ళీ దొరకలేదు.

ఆ వారం అమ్మ, "సెల్లెలికి సెప్పి వస్తా, ఇంగ రానని," అంటూ ఆఖరిసారి బండెక్కింది. హిందూపురం నుంచి పెనుకొండ దాకా కొత్త రేడియో కోకిలలా పాడిందట. పెనుకొండలో నాయన టీ తాగి వచ్చి కూర్చున్నాక ఇంక కిక్కురుమనలేదట. ఇంటికొచ్చాక నేను పెడితే మళ్ళీ కోకిల. మరుసటి వారం అదే కథ, ఆ పై వారం అదే. పెనుకొండ దాకా రేడియో, పెనుకొండ దాటితే మా అమ్మ. బావి ఉన్నది పెనుకొండ అవతలే కనక అమ్మ పోక తప్పలేదు. "ఏం చేద్దాం నాయనా, నా రాత," అని నిట్టూర్చి, ఎక్కేముందు కొత్త పసుపురంగు రవిక తొడుక్కునేది.

నేను చేయని ప్రయత్నం లేదు. వైర్లు మార్చాను, ఏరియల్ మార్చాను, ఎర్తు ఇచ్చిన చోటు గీకి గీకి బండికి ఒక కొత్త కన్నం చేశాను. కాలేజీలో మా సారును అడిగితే, కొండరాయిలో ఇనుముంటే అలలు లోపలికి రావేమోనన్నాడు. రంగన్న, పెనుకొండ కోట పాతకాలం నాటిది, దానికి కొత్త రేడియోలు పడవేమోనన్నాడు. ఈ రెంటిలో ఏది సైన్సో నాకు తెలియలేదు. రాత్రి పుస్తకం తెరిస్తే రేడియో, రేడియో తెరిస్తే పుస్తకం. రెండూ అర్థం కాక, నా చేతుల వైపు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా, దాంతో ఎందుకు ఏగుతావు?" అనేది. ఆమె గొంతులో అంత జాలి ఎందుకుండేదో ఆలస్యంగా అర్థమయింది.

చివరికి విసుగెత్తింది నాకు కాదు, రంగన్నకు. "ఈ ఫ్యూజు గొట్టంలోనే ఏదో లూజుండాదప్పా. పీకేస్తా. డైరెక్టుగా ఇచ్చేస్తా, పీడా పోతాది," అన్నాడు. మా ఊళ్ళో తెగని సమస్య ఏదైనా డైరెక్టుతో తెగేది. నేను ఒద్దనలేదు. ఆ వారం రేడియో పెనుకొండ దాటింది, బావి దాటాక కూడా పాడింది, ధర్మవరంలో పాడింది, తిరిగొస్తూ ఇంటి వాకిట్లో కూడా ఆపకుండా పాడింది. నాయన బండి దిగుతూ, "ఇంగ నువ్వెందుకు మ్మే ఈ ఎండలో పడి రావడం, ఇంట్లో ఉండు," అన్నాడు. మంచికే అన్నాడు. ఆమె సరేనంది.

తర్వాతి వారం అమ్మ సీటులో చెల్లెలికి పంపిన కజ్జికాయల డబ్బా కూర్చుని పోయింది. సాయంత్రం అదే డబ్బా ఓళిగలతో తిరిగొచ్చింది. సందు మొగదాల్లో చిన్నమ్మ నిలబడి ఉందని, బండిలోకి తొంగి చూసి, "అక్క యాడ?" అని అడిగి, డబ్బా చేతికిచ్చి లోపలికి పోయిందని నాయన చెప్పాడు. అమ్మ డబ్బా తెరిచింది, మాకు పంచింది, తను తినలేదు. ఆ తర్వాత ఇంట్లో మాట తగ్గిపోయింది. పాలు పొంగినా తగువు లేదు. అవ్వ కావాలని రెండు మాటలు రువ్వి చూసింది, ఇవతల నుంచి జవాబు లేదు. "దీని నోరు గూడా రిపేరుకొచ్చిందేమిరా?" అంది నాతో, గొంతు తగ్గించి. బుగ్గన లవంగం లేకుండా అవ్వ అడిగిన ప్రశ్న అదొక్కటే. అప్పుడే లవంగం గుర్తొచ్చిందేమో, అమ్మ వక్కాకు సంచిలోంచి ఒకటి తెమ్మంది.

సంచి చిలక్కొయ్యకు వేలాడుతోంది. చెయ్యి పెట్టాను. వక్కలు, సున్నపుకాయ, లవంగాలు. లవంగాల మధ్య చల్లగా, నున్నగా, గాజుపుల్ల ఒకటి. ఆఖరిసారి తీసినదాన్ని అమ్మ తిరిగి పెట్టేలోపలే రంగన్న గొట్టం విప్పి చూడకుండా పీకేయడంతో, పెట్టే చోటు లేక మిగిలిపోయింది.

కొండలో ఇనుము లేదు. కోటకు పగ లేదు. ఆ ఎండలో, అరుగు మీద, చెయ్యిలో చెయ్యి వేసుకుని మాట్లాడకుండా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళముందు కనపడ్డారు. పోయి నాయనకు చెప్పొచ్చు, అప్పుడు అమ్మ దొంగ అవుతుంది. అమ్మకే చెప్పొచ్చు, అప్పుడు ఆమె నా ముఖం చూడలేదు. రేడియోను చెడగొట్టొచ్చు, అప్పుడు రంగన్న మళ్ళీ డైరెక్టు ఇస్తాడు. బాగుచేయడమూ చేతకాలేదు, చెడగొట్టడమూ చేతకాదు. ఫ్యూజును తిరిగి లవంగాల మధ్యే పెట్టి, అవ్వకు లవంగం ఒకటి ఇచ్చి, వసారాలో దూది కుప్ప మీద పడుకున్నాను.

మొన్న ధర్మవరం నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో మేమిద్దరమే. మావాడు చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు, వాడి పాటలు వాడివి. పెనుకొండ దాకా మా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. కారులోని ఆడగొంతు మాత్రం అలుపు లేకుండా దారి చెబుతూనే ఉంది. తప్పు లేదు, కసురు లేదు, పాట లేదు. దర్గా దారి దగ్గర అది ఆగలేదు. ఆ గొంతుకు ఎక్కడైనా ఒక చెల్లెలుందేమో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఇప్పుడు మా ఆడవాళ్ళు ఎవరూ పిలవకుండానే బస్సెక్కి పోతారు, అది ఎంత మంచిదో నాకు తెలుసు. రేడియోలు కూడా చెడిపోవు. చెడిపోతే మనిషి అవసరం పడే వస్తువులు మాత్రం ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆ రోజు దూది మీద పడుకుని లేచాక నేను చేసింది ఒకటే. ఎవరింట్లోనో పాడై పక్కన పడేసిన కాలింగ్‌బెల్లు స్విచ్చి ఒకటి సంపాదించాను. నొక్కితే కలిసేది, వదిలితే విడిపోయేది. డ్రైవరు పక్క సీటు ఎత్తి, స్ప్రింగుల కింద పలకకు దాన్ని బిగించి, రేడియోకు పోయే వైరును తెంపి దానిగుండా తిప్పాను. సీటులో మనిషి కూర్చుంటే స్ప్రింగు కిందికి దిగి స్విచ్చి నొక్కుతుంది. మనిషి లేస్తే రేడియో పోతుంది. నా బతుకులో నేను కట్టినవాటిలో పనిచేసిన సర్క్యూటు అదొక్కటే. ఏ పరీక్షలోనూ అడగలేదు.

ధర్మవరం పోయే రోజు నాయన బండెక్కి రేడియో తిప్పాడు. పలకలేదు. చరిచాడు. పలకలేదు.

"ఒరే మస్తానూ, మల్ల ఏం రోగం రా దీనికి?"

నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పాను. "పక్క సీటు ఖాళీగా ఉంటే పాడదు నాయనా. మనిషి కూకోవల్ల. అది అంతే. కంపెనీ ఫిట్టింగు."

నాయన నమ్మాడో లేదో ఇప్పటికీ చెప్పలేను. దిగి, ఒక పెద్ద దూదిమూట తెచ్చి సీటు మీద పెట్టాడు. పుట్టినప్పటి నుంచి దూది మోసిన మనిషి, దానికి బరువుండదని ఆ క్షణానికి మరిచిపోయాడు. స్ప్రింగు ఉలకలేదు. కజ్జికాయల డబ్బా దాని మీద పెట్టాడు. ఊహూఁ. లోపలికి పోయి రోటి పొత్రం ఎత్తబోయాడు.

"యాడికి తీస్కపోతాండావు దాన్ని?" అవ్వ పీట మీంచి గద్దించింది. "ఊరుమిండి నీ తలతో నూరల్లా? రాయి ఎందుకురా, ఇంట్లో మనిషి ల్యాదా?"

నాయన వాకిట్లో కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత లోపలికి తిరిగి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ మాట అన్నాడు. "ఓమ్మే, మాబూ! పోదాం పా. మీ సెల్లెలు సూస్తాంటాది."

అమ్మ వెంటనే వచ్చింది. పసుపు రవిక అప్పటికే తొడుక్కుని ఉంది, నడుమున వక్కాకు సంచి. సీటులో కూర్చుంది. రేడియో ఒక్కసారిగా గొంతెత్తి పాడింది. ఆమె ఉలిక్కిపడి కింద సీటును తడిమి చూసుకుని, తల తిప్పి నావైపు చూసింది. నేను పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని అప్పుడే గమనించాను. బండి సందు మలుపు తిరిగేలోపలే అమ్మ వీధి వార్తలు మొదలుపెట్టింది. వెనక అద్దంలేని కిటికీలోంచి నాయన చెయ్యి ముందుకు చాచడం కనపడింది. రేడియో శబ్దం తగ్గింది.

సాయంత్రం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆయన నా ముఖం చూడకుండా అన్నాడు.

"ఆ సీటు కింద ఎవురూ సెయ్యి పెట్టగాకండి. కంపెనీది కంపెనీదే."